కదలికను పసిగట్టే కన్ను: అండమాన్ కావలి గోపురం నుంచి కాపలా కెమెరా దాకా



జొన్నచేను కంకి పట్టే రోజుల్లో రైతు చేను నడుమ మంచె కడతాడు. మంచె మీది మనిషి నాలుగు దిక్కులా చూస్తాడు. పిట్టలు వాలితే వడిసెలతో రాయి విసురుతాడు. అతని కళ్లు తెరిచి ఉన్నంతసేపే ఆ కావలి. నేడు ప్రహరీ గోడల మీద, గోదాముల ముందు, తోటల్లో బిగిస్తున్న చిన్న కెమెరాలు ఆ మంచె మీది మనిషి పనే చేస్తున్నాయి. అయితే వాటి పద్ధతి వేరు. వాటిలో చాలా రకాలు రోజంతా దాదాపు నిద్రలోనే ఉంటాయి. ఎదుట ఏదైనా కదిలినప్పుడు మేల్కొని బొమ్మ తీసి, మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. నిద్రలో ఉన్న యంత్రానికి ఎవరో వచ్చారని ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం విశాఖ తీరం నుంచి బంగాళాఖాతంలో సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్ దీవులకు వెళదాం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 13 శాతం. మన దేశంలో కావలి అనే పనికి అంత చేదు చరిత్ర ఉన్న చోటు మరొకటి అరుదు. పైగా అక్కడి వేడి, తేమ, అడవి, మొసళ్లు ఈ యంత్రపు కంటికి కఠినమైన పరీక్ష పెడతాయి.

సముద్రమే గోడ అనుకున్న రోజులు

1857 తిరుగుబాటును అణచివేసిన తర్వాత, 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు. (ఈ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారింది.) చుట్టూ సముద్రం, లోపల కీకారణ్యం. ఇక వేరే గోడలెందుకు అని పాలకులు తలచారు. కాని ఖైదీలు తొలి వారాల నుంచే అడవిలోకి పారిపోసాగారు. వారిలో దూధ్‌నాథ్ తివారీ ఒకడు. అతడు ఏడాదిపాటు అండమాన్ ఆదివాసుల నడుమ బతికాడు. 1859 మే నెలలో వారు అబర్డీన్ మీద దాడికి సిద్ధమవుతుంటే తిరిగివచ్చి తెల్లవారికి ఆ కబురు చెప్పాడు. తమ నేలను కాపాడుకోవడానికి వచ్చిన ఆదివాసులు ఓడిపోయారు. తనకు కూడు పెట్టినవారికి తివారీ చేసింది ద్రోహమే. మన పాఠానికి పనికొచ్చే సంగతి మాత్రం వేరే ఉంది: వాకర్ పెట్టిన పారావాళ్లలో ఒక్కరూ ఆ కదలికను పసిగట్టలేదు.

పదమూడేళ్ల తర్వాత ఇంతకంటే పెద్ద వైఫల్యం జరిగింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో దీవులను చూడడానికి వచ్చాడు. సాయంత్రం హ్యారియట్ కొండ ఎక్కి సూర్యాస్తమయం చూశాడు. (2021 నుంచి ఆ కొండ పేరు మౌంట్ మణిపూర్.) చీకటి పడ్డాక కాగడాల వెలుగులో హోప్‌టౌన్ రేవుకు దిగివచ్చాడు. చుట్టూ సాయుధులైన పోలీసులు ఉన్నారు. అయినా చీకట్లో పొంచి ఉన్న షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ ఒక్కసారిగా దూకి కత్తితో పొడిచి వైస్రాయిని చంపాడు. ఒక విషయం ఆలోచించండి. కాగడా పట్టుకున్నవాడికి కాగడా వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది. ఆ వెలుగు అవతల ఉన్నవాడికి మాత్రం కాగడా కింద ఉన్నవాళ్లంతా కనిపిస్తారు. రాత్రి కావలిలోని అసలు చిక్కు ఇదే. వెలుగు లేకుండా చూడగల కన్ను అప్పటికి లేదు.

1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే అధికారులు ఈ శిక్షా నివాసాన్ని పరిశీలించి, ఖైదీలను మొదట కఠినమైన ఒంటరి నిర్బంధంలో ఉంచాలని సిఫారసు చేశారు. ఆ సిఫారసు ఫలితమే సెల్యులార్ జైలు. 1896లో మొదలై 1906లో ముగిసిన ఈ కట్టడానికి నడుమ ఒక గోపురం, దాని నుంచి సైకిలు చక్రం ఆకుల్లా ఏడు మూడంతస్తుల భవనాలు, వాటిలో దాదాపు 700 ఒంటరి గదులు ఉండేవి. ఒక్కో గది పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. ఒక భవనం ముందు భాగం పక్క భవనం వీపును చూసేది. అందువల్ల ఖైదీలు ఒకరికొకరు సైగ చేసుకోవడానికి కూడా వీలులేదు.

1791లో ఇంగ్లండులో జెరెమీ బెంథామ్ ఒక ఆదర్శ జైలు నమూనా ప్రచురించాడు. నడుమ కూర్చున్న ఒక్కడికి ప్రతి గదీ కనిపించాలి, ఖైదీకి మాత్రం అతడు కనిపించకూడదు అనేది దాని సారం. సెల్యులార్ జైలు ఆ నమూనానే అని చాలా పుస్తకాల్లో చదువుతారు. పూర్తిగా నిజం కాదు. అండమాన్ గోపురం మీది కావలివాడికి గదుల లోపలి భాగం కనిపించదు. అతడు చూసేది వరండాలను. గది తలుపు తెరిచి ఎవరైనా వరండాలోకి వస్తే ఆ కదలిక అతని కంట పడుతుంది. అంటే మనిషిని కాక, మనిషి వల్ల కలిగే మార్పును కనిపెట్టే ఏర్పాటు అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

రాత్రివేళ ఏడు భవనాల్లో అంతస్తుకు ఒకరు చొప్పున 21 మంది వార్డర్లు గస్తీ తిరిగేవారు. గోపురంలో ప్రమాద హెచ్చరికకు గంట ఉండేది. 21 జతల కళ్లు రాత్రంతా తెరిచి ఉన్నా వాటికి కనిపించేది చాలావరకు ఖాళీ వరండాలే. ఇంత నిఘాలోనూ ఖైదీలు ఒక్క మాటగా నిలవగలిగారు. 1933లోనూ, 1937లోనూ అక్కడి రాజకీయ ఖైదీలు కలిసికట్టుగా నిరాహార దీక్షలు చేశారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి ఆ జైల్లో గడిపినవారే. ఏడు భవనాల్లో నేడు మిగిలినవి మూడు. 1979 ఫిబ్రవరి 11న దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

తీగ, కిరణం, వేడి

కళ్లు తెరిచి కూర్చోవలసిన అవసరం లేని కావలి ఆలోచన పాతదే. పొలం చుట్టూ తాడు కట్టి దానికి రేకు డబ్బాలు వేలాడదీస్తే, అడవిపంది తగలగానే చప్పుడవుతుంది. 1890ల్లో అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన ఈ తాడుకు డబ్బాకు బదులు కెమెరా కట్టాడు. జంతువు తీగను తాకితే మెరుపు పొడి వెలిగి ఫోటో పడేది. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఛాయాచిత్రాలు 74 ప్రచురించింది. మన దేశంలో అటవీశాఖ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ ఇదే పద్ధతిలో రాత్రివేళ అడవి పులుల ఫోటోలు తీసి 1927లో పుస్తకంగా తెచ్చాడు. అప్పటి దొరలకు పులి అంటే తుపాకీ గుర్తొచ్చేది. పులే తన కాలితో తన ఫోటో తీసుకునేలా చేసిన ఛాంపియన్‌ను ఈ కథలో నేను ముందువరుసలో నిలబెడతాను.

తీగ తెగితే మళ్లీ కట్టాలి. కనిపిస్తే దొంగ దాన్ని దాటుకుని పోతాడు. అందుకని తీగ స్థానంలో కంటికి కనిపించని కిరణం వచ్చింది. దారికి ఒక పక్క నుంచి పరారుణ కిరణం వదిలి, రెండో పక్క దాన్ని అందుకునే పరికరం పెడతారు. మధ్యలో ఎవరైనా అడ్డువస్తే కెమెరా పనిచేస్తుంది. 1990ల్లో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ కెమెరాలతో పులుల చారలను గుర్తించి వాటి సంఖ్యను అంచనా కట్టారు. ఇప్పుడు మన నల్లమలలోనూ పులుల లెక్కకు కెమెరాలే ఆధారం.

ఇంటి ముందు కెమెరాలో ఇంకా తెలివైన ఉపాయం ఉంది. దాని మూలం ఒక రాయిలో దొరుకుతుంది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో డచ్చి వర్తకులు సింహళం నుంచి టూర్మలిన్ అనే రత్నాన్ని ఐరోపాకు తీసుకుపోయారు. ఆ పేరుకు మూలం సింహళ పదమే. ఈ రాయిని నిప్పుల దగ్గర పెడితే బూడిద రేణువులను లాక్కునేది. 1756లో ఈపినస్ అనే శాస్త్రజ్ఞుడు దానికి కారణం విద్యుత్తేనని, వేడెక్కిన రాయి రెండు కొసల్లో ధన, ఋణ ఆవేశాలు పుడుతున్నాయని తేల్చాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి పైరోవిద్యుత్తు అని పేరు పెట్టాడు. ఈలోగా 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని విడగొట్టి, ఎరుపు రంగుకు అవతల ఏ రంగూ లేని చోట ఉష్ణమాపకం పెట్టి చూశాడు. అక్కడ పాదరసం మరింత పైకి లేచింది. అవే పరారుణ కిరణాలు. ఈ రెండు ఆవిష్కరణలూ కలిసి మన కెమెరాలోకి రావడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది.

లోపల ఏముంది?

ఇప్పుడు అలాంటి కెమెరా ఒకటి చేతిలోకి తీసుకుందాం. కటకం కింద పాలరంగు ప్లాస్టిక్ బుడిపె ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని దీపం అనుకుంటారు. దాని వెనక బఠానీ గింజంత సెన్సర్ ఉంటుంది. అందులో పైరోవిద్యుత్ పదార్థంతో చేసిన రెండు చిన్న పలకలు పక్కపక్కన అమర్చి ఉంటాయి. పలక మీద పడే వేడి మారితే విద్యుదావేశం పుడుతుంది. వేడి ఎంత ఉన్నా మారకుండా ఉంటే ఏమీ పుట్టదు. ఈ రెండు పలకలనూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కలుపుతారు. ఎందుకు? మబ్బు కమ్మి పరిసరాలన్నీ ఒకేసారి చల్లబడ్డాయనుకోండి. రెండు పలకల్లోనూ ఒకే మార్పు వస్తుంది. ఒకటి ధనం, రెండోది ఋణం కాబట్టి మొత్తం సున్న. అదే ఒక మనిషి అడ్డంగా నడిచి వెళితే అతని వేడి మొదట ఒక పలక మీద, తర్వాత రెండోదాని మీద పడుతుంది. సంకేతం ఒకసారి పైకి లేచి, ఆ వెంటనే కిందికి పడుతుంది. ఆ ఎత్తుపల్లాన్ని చూసి చిన్న విద్యుత్ వలయం కెమెరాను తట్టి లేపుతుంది. ఈ సెన్సర్ తన నుంచి ఏ కిరణాన్నీ బయటికి పంపదు. వచ్చే వేడిని అందుకోవడమే దాని పని. అందుకే దాన్ని పాసివ్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, పొట్టిగా పి.ఐ.ఆర్. అంటారు. అది చాలా తక్కువ విద్యుత్తుతో మెలకువగా ఉండగలదు కనుకనే బ్యాటరీ కెమెరాలు నెలల తరబడి పనిచేస్తాయి.

మనిషి చర్మం ఉష్ణోగ్రత సుమారు 34 డిగ్రీల సెల్సియస్, అంటే 307 కెల్విన్లు. మీ భౌతికశాస్త్ర పాఠంలోని వీన్ సూత్రం ప్రకారం 2898ని 307తో భాగించండి. సుమారు 9.4 వస్తుంది. మన ఒంటి నుంచి వెలువడే కిరణాల తీవ్రత 9.4 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికం అన్నమాట. సెన్సర్ ముందున్న వడపోత ఆ పరిసర తరంగాలనే లోపలికి రానిస్తుంది. మామూలు గాజు వాటిని ఆపేస్తుంది. కిటికీ అద్దం వెనక పెట్టిన పి.ఐ.ఆర్. కెమెరా బయట ఎంతమంది తిరిగినా కదలకపోవడానికి కారణం ఇదే. రాత్రి ఫోటో కోసం కెమెరా వదిలే పరారుణ వెలుగును దీనితో కలపవద్దు. దాని తరంగదైర్ఘ్యం ఒక మైక్రోమీటరు కన్నా తక్కువ. అది మేయో వెంట నడిచిన కాగడా లాంటిది, కాకపోతే కాగడా అవతలి వాడికి కనిపించదు.

పాలరంగు బుడిపెను వేలితో తడిమితే సన్నని గీతలు, గళ్లు తగులుతాయి. అది ఫ్రెనెల్ కటకం. 1820ల్లో ఫ్రాన్సులో ఆగస్టిన్ ఫ్రెనెల్ దీపస్తంభాల కోసం దీన్ని రూపొందించాడు. మందమైన గాజు కటకాన్ని మెట్లుమెట్లుగా కోసి పలచగా చేయడం ఇందులోని కిటుకు. పాత 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల నడుమ కనిపించే దీపస్తంభం అండమాన్‌లోదే. దీపస్తంభంలో ఈ కటకం లోపలి వెలుగును పోగుచేసి సముద్రం మీదికి పంపుతుంది. కెమెరాలో బయటి వేడిని పోగుచేసి పలకల మీదికి పంపుతుంది. బుడిపెలోని ఒక్కో గడి ఒక్కో దిక్కును చూస్తుంది. అందుకే ఎదుటి ప్రదేశం విసనకర్ర పుల్లల్లా పట్టీలుగా విడిపోతుంది. ఆ పట్టీలకు అడ్డంగా నడిచేవాడు వెంటనే దొరికిపోతాడు. ఒకే పట్టీలో నేరుగా కెమెరా వైపు నడిచి వచ్చేవాడు ఆలస్యంగా దొరుకుతాడు. కెమెరాను దారికి ఎదురుగా కాక పక్కగా పెట్టమని చెప్పేది ఇందుకే.

అండమాన్ పెట్టే పరీక్ష

ఈ కన్ను చూసేది మనిషిని కాదని గ్రహించారు కదా. మనిషికీ అతని వెనక ఉన్న గోడకో చెట్టుకో మధ్యనున్న వేడి తేడాను చూస్తుంది. చలిదేశంలో ఆ తేడా పాతిక డిగ్రీలు ఉండవచ్చు. శ్రీవిజయపురంలో రాత్రి కూడా ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీలకు ఎంతో దిగదు. తేడా పది డిగ్రీలకు లోపే. పగలు ఎండకు వేడెక్కిన గోడ సరిగ్గా మనిషి ఒంటి వేడికి చేరే సమయం ఒకటి వస్తుంది. అప్పుడు ఆ గోడ ముందు నడిచే మనిషి సెన్సర్‌కు దాదాపు మాయమవుతాడు. గోడ మరింత కాగితే మళ్లీ కనిపిస్తాడు, ఈసారి చల్లని నీడలా!

ఇక మొసలి సంగతి. అండమాన్ కయ్యల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హావ్‌లాక్ దీవిలో (నేటి స్వరాజ్ ద్వీప్) ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. మొసలి శీతలరక్త జంతువు. నీటి వేడి ఎంతో దాని ఒంటి వేడీ అంతే. నీళ్లలోంచి నెమ్మదిగా పైకి తేలే మొసలి, ఎంత పెద్దదైనా, ఈ సెన్సర్‌కు లేనట్టే. అదే మొసలి గంటసేపు ఎండ కాగి లేస్తే కనిపించవచ్చు. ఇంకోవైపు లేని మనిషిని ఉన్నట్టు చూపే ఇబ్బంది ఉంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే దీవులవి. ఎండలో కాగిన ఆకు గాలికి ఊగినా, సెన్సర్ మీద సాలీడు పాకినా కెమెరా మేల్కొంటుంది. ఇలాంటి ఖాళీ ఫోటోల బాధ ఎంతటిదో ఊహించడానికి ఒక లెక్క చూడండి. 2018 నాటి అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫోటోలు సుమారు 3 కోట్ల 48 లక్షలు. వాటిలో పులి ఉన్నవి 76,651. వెయ్యికి రెండు! మిగిలినవాటిలో వేరే జంతువులూ మనుషులూ ఉంటారు, అది వేరే సంగతి. ఏమైనా, కెమెరా నిద్ర లేచినంత మాత్రాన మనం వెతికేది దొరికినట్టు కాదు.

కరెంటు తీగకు కలిపి ఎప్పుడూ మెలకువగా ఉండే కెమెరాలు వేరే దారి పట్టాయి. ఇప్పటి బొమ్మను అంతకు ముందరి బొమ్మతో చుక్కచుక్కా పోల్చి, తేడా ఎక్కువైతే కదలిక ఉందంటాయి. వేడితో పని లేదు కనుక మొసలి కూడా దొరుకుతుంది. కాని మేఘం నీడ, అల, వానధార, ఊగే కొబ్బరి మట్ట అన్నీ తేడాలే. 1999లో అమెరికాలో స్టాఫర్, గ్రిమ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతి చుక్కకూ దాని అలవాట్లను నేర్పే పద్ధతి చూపారు. ఈ చుక్క కాసేపు ఆకుపచ్చగా, కాసేపు ఆకాశం రంగులో ఉండడం మామూలే అని యంత్రం నేర్చుకుంటుంది. ఆ అలవాటు తప్పితేనే ఉలిక్కిపడుతుంది. 2012 తర్వాత వేగం పుంజుకున్న లోతైన అభ్యసన పద్ధతులతో కదిలింది మనిషా, కుక్కా, బండా అని విడదీయడం వచ్చింది. అయినా ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో యంత్రానికి ముందుగా చెప్పేది మనిషే. వరండాలను చూసిన గోపురానికీ దీనికీ ఆ విషయంలో తేడా లేదు.

ఎవరిని చూడాలి, ఎవరిని చూడకూడదు

2008 నవంబరు 26న ముంబై మీద సముద్రమార్గాన దాడి జరిగాక, తీరమంతటా రాడార్లు, దూరదృష్టి కెమెరాలతో నిఘా కేంద్రాలు వెలిశాయి. మొదటి దశలోని 46 కేంద్రాల్లో నాలుగు అండమాన్ నికోబార్ దీవులవి. నార్కొండం దీవిలో కూడా రాడార్ పెట్టాలని తీరరక్షక దళం కోరింది. ఆ చిన్న దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షికి హాని కలుగుతుందని పర్యావరణ మంత్రిత్వశాఖ 2012లో నిరాకరించింది. 2014లో అనుమతి ఇచ్చింది. రెండు నిర్ణయాలకూ కారణాలున్నాయి. మీ తరగతిలో దీనిమీద చర్చ పెట్టుకోండి.

నాకు ఇంతకన్నా బరువైనదిగా తోచే ప్రశ్న జారవాలది, సెంటినెలీలది. 1956 నాటి ఆదివాసీ తెగల పరిరక్షణ నిబంధన వారి ప్రాంతాల్లోకి బయటివారు వెళ్లడాన్ని నిషేధిస్తుంది. అయినా 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు రాత్రిపూట జాలరుల పడవలో గస్తీ కళ్లు కప్పి ఉత్తర సెంటినెల్ చేరి ప్రాణం పోగొట్టుకున్నాడు. నిఘా పెంచాలని అప్పుడు చాలామంది అన్నారు. పెంచవలసింది బయటి నుంచి వచ్చేవారి మీదే. తీరంలో చెట్టుకు కట్టిన కెమెరాకు ఆ తేడా తెలియదు. దాని ముందు ఎవరి ఒళ్లు వెచ్చగా ఉంటే వారి ఫోటో తీస్తుంది. ఫోటో తీయించుకోవడానికి ఒప్పుకున్నారా అని అడగదు. ఆ అడవులు తమ ఇల్లయినవారికి అలాంటి కెమెరా మరో కావలి గోపురం.

2012లో జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించిన వీడియోలు బయటపడి దేశమంతా సిగ్గుపడింది. వారి అడవి గుండా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అది అమలు కాలేదు. వాహనాలను జిర్కాటాంగ్ దగ్గర ఆపి, గుంపుగా, పోలీసు రక్షణతో పంపే పద్ధతి వచ్చింది. దారిలో బండి ఆపకూడదు, తినుబండారాలు ఇవ్వకూడదు, జారవాలను ఫోటో తీయకూడదు. అక్కడ కెమెరా సంచిలో ఉండాలి. కావలి కాసే పని బండిలో కూర్చున్న పోలీసు కళ్లది.